పక్షవాతం తరువాత బిగుసుకుపోయిన చేయి, కాలు: ఇంట్లో ఫిజియోథెరపీ ఎలా చేయాలి

పక్షవాతం వచ్చిన మొదటి రోజుల్లో చేయి పట్టు లేకుండా వేలాడుతుంది. కొన్ని వారాలు గడిచాక అదే చేయి మోచేతి దగ్గర ముడుచుకుంటుంది, మణికట్టు కిందికి వంగుతుంది, బొటనవేలు అరచేతిలోకి దూరి పిడికిలి బిగుస్తుంది. కాలిది దీనికి పూర్తిగా ఎదురు దారి. మోకాలు వంగక కర్రలా నిలుస్తుంది, మడమ నేలకు ఆనదు, పాదం లోపలికి తిరుగుతుంది. ఇది చూసి కొందరు బలం వస్తోందని సంబరపడతారు. మరికొందరు గట్టిగా లాగి సరిచేయాలని చూస్తారు. మొదటివాళ్ల సంబరంలో కొంత నిజముంది. రెండోవాళ్ల తొందరలో మాత్రం ప్రమాదమే ఉంది.

వ్యాసమంతా 'నాన్నగారు' అనే రాస్తున్నాను. మీ ఇంట్లో ఆ స్థానంలో అమ్మ ఉన్నా, భార్య ఉన్నా, తమ్ముడున్నా పద్ధతి ఒకటే. ఒక షరతు: నాన్నగారిని ఫిజియోథెరపిస్టు ఒకసారైనా స్వయంగా పరీక్షించి, ఏ కీలు ఎంతవరకు కదపవచ్చో చెప్పాకే ఇవి మొదలుపెట్టండి. భుజం కీలు జారిందా, ఎముకలు పెళుసుగా ఉన్నాయా, కాలి సిరలో రక్తం గడ్డ కట్టిందా అన్నది వ్యాసం చదివి తేల్చుకునేది కాదు.

ముందు బిగుతును పరీక్షించండి

మెదడు నుంచి వెన్నుపాముకు 'కదులు' అనే ఆజ్ఞ ఒక్కటే రాదు, 'ఊరుకో' అనే ఆజ్ఞ కూడా నిరంతరం వస్తుంటుంది. స్ట్రోక్‌లో రెండూ దెబ్బతింటాయి. అదుపు చేసేవాడు లేకపోవడంతో, కండరాన్ని ఎవరైనా చప్పున సాగదీయగానే వెన్నుపాము తనంతట తాను దాన్ని బిగిస్తుంది. ఆస్ట్రేలియా న్యూరాలజిస్టు జేమ్స్ లాన్స్ 1980లో ఇచ్చిన నిర్వచనంలో అసలు మాట ఇదే: సాగదీసే వేగం పెరిగేకొద్దీ ఈ బిగుతు పెరుగుతుంది. ఈ ఒక్క సంగతి మనసులో పెట్టుకుంటే ఇంట్లో జరిగే పొరపాట్లలో సగం ఆగిపోతాయి. వేగంగా లాగితే మీరు బిగుతును సవరించడం లేదు, రెచ్చగొడుతున్నారు.

నాన్నగారిని వెల్లకిలా పడుకోబెట్టండి. ఒక చేత్తో ఆయన మోచేతికి పైన, ఇంకో చేత్తో మణికట్టుకు పైన పట్టుకోండి. మడిచి ఉన్న మోచేతిని మనసులో ఏడు లెక్కపెడుతూ నెమ్మదిగా చాపండి. ఎంతవరకు వచ్చిందో చూసుకోండి. మళ్లీ మడిచి, ఈసారి కాస్త వేగంగా, అయితే కుదుపు లేకుండా, ఒక్కసారి మాత్రం చాపండి. మధ్యలో ఒకచోట చేయి టక్కున పట్టేసినట్టు ఆగి, ఆ తరువాత వదిలితే అది బిగుతు. నెమ్మదిగా చాపినా ఒకచోటుకు మించి రాక గోడకు తగిలినట్టు ఆగిపోతే అక్కడ కండరమే కురచబడింది. మొదటిదానికి నెమ్మది, భంగిమ, అభ్యాసం, అవసరమైతే మందు పని చేస్తాయి. రెండోదానికి కట్టు, స్ప్లింటు (కీలును చాపి ఉంచే గట్టి పట్టీ), కొన్నిసార్లు శస్త్రచికిత్స దాకా పోవాల్సి వస్తుంది. చాలామందిలో రెండూ కలిసే ఉంటాయి.

ఫిజియోథెరపిస్టు తన కాగితం మీద 0 నుంచి 4 వరకు ఏదో ఒక అంకె వేస్తారు. మధ్యలో 1+ అని కూడా ఉంటుంది. అది మోడిఫైడ్ ఆష్‌వర్త్ స్కేలు, 1987 నుంచి వాడుకలో ఉంది. 0 అంటే బిగుతు లేదు, 4 అంటే కీలు కదలనంతగా బిగిసింది. ఆ అంకె ఎంతో అడిగి రాసుకోండి, ఇంకో ఊళ్లో ఇంకో ఫిజియోను కలిసినప్పుడు పనికొస్తుంది.

బిగుతు అంతా శత్రువు కాదు. తొడ కండరంలో బలం లేని మనిషి ఆ కర్రలాంటి కాలి మీదే ఆధారపడి నిలబడగలుగుతున్నాడనుకోండి, ఆ బిగుతును పూర్తిగా తీసేస్తే కుప్పకూలిపోతాడు. అందుకే 'బిగుతు తగ్గించాలి' అని కాకుండా 'చొక్కా చేతిలోకి చేయి దూరాలి', 'మడమ నేలకు ఆనాలి', 'అరచేయి కడగడానికి తెరుచుకోవాలి' అని పనుల లెక్కన లక్ష్యం పెట్టుకోండి.

ఉన్నట్టుండి పెరిగితే కారణం వేరే చోట వెతకండి

నిన్నటిదాకా తెరుచుకున్న వేళ్లు ఇవాళ తెరుచుకోకపోతే వ్యాయామం పెంచకండి. ముందు ఒళ్లంతా చూడండి. మలబద్ధకం, మూత్రంలో ఇన్ఫెక్షన్, మెలితిరిగిన మూత్రం గొట్టం, పిరుదు మీదో మడమ మీదో పడకపుండు, మాంసంలోకి పెరిగిన కాలిగోరు, బిగుతైన మేజోడు, ఏసీ చలి, భుజం నొప్పి: వీటిలో ఏదైనా బిగుతును అమాంతం పెంచగలదు. మాట పడిపోయిన మనిషి నొప్పి అని చెప్పలేడు. స్పర్శ పోయిన చోట నొప్పి ఆయనకే తెలియదు. కాబట్టి రోజూ స్నానం చేయించేటప్పుడు వీపు, మడమలు, వేళ్ల సందులు కంటితో చూడటం ఫిజియోథెరపీలో భాగమే అనుకోండి. మూత్రం మంట, జ్వరం ఉంటే డాక్టరుకు చూపించండి. అది తగ్గితే బిగుతూ దిగుతుంది.

ఇంకొకటి చాలామందిని భయపెడుతుంది. కుర్చీలో కూర్చోబెట్టి పాదం నేలకు తాకించగానే కాలు టకటకా కొట్టుకోవడం మొదలవుతుంది. ఫిట్స్ అనుకుని హడావుడి పడకండి. మనిషి స్పృహలో ఉండి మాట్లాడుతూ, ఆ ఒక్క పాదమే లయగా కొట్టుకుంటుంటే అది బిగుతు వల్ల వచ్చేదే, క్లోనస్ అంటారు. ముందుపాదం ఒత్తుకోవడం వల్ల వస్తుంది. మోకాలి మీద అరచేయి పెట్టి నిటారుగా కిందికి ఒత్తి, మడమ నేలకు ఆనేలా పట్టుకోండి. కాసేపటికి ఆగుతుంది.

పడుకునే తీరు, కూర్చునే తీరు

ఫిజియో వచ్చి వెళ్లేది ముప్పావు గంట. మిగతా ఇరవై మూడు గంటలు చేయి, కాలు ఏ భంగిమలో ఉంటే ఆ భంగిమకే కండరాలు అలవాటు పడతాయి. ఖర్చు లేని వైద్యం ఇదే, జనం ఎక్కువగా వదిలేసేదీ ఇదే. కావలసినవి నాలుగు దిండ్లు, రెండు తువాళ్లు. పరుపు గుంట పడకుండా గట్టిగా ఉండాలి, నులక మంచం పనికిరాదు.

వెల్లకిలా పడుకున్నప్పుడు పక్షవాతం వచ్చిన వైపు భుజం రెక్క కింద పలచటి దిండు పెట్టి భుజాన్ని కాస్త ముందుకు తేవాలి. చేయి మొత్తం ఇంకో దిండు మీద, మోచేయి చాపి, అరచేయి పైకి. తుంటి బయటి వైపు మడిచిన తువాలు పెడితే కాలు బయటికి ఒరగదు. మోకాలి కింద దిండు పెట్టి రోజంతా ఉంచకండి, హాయిగా ఉన్నట్టే అనిపించి మోకాలు వంగిపోతుంది. పాదం వాలకుండా ముందుపాదానికి అట్టపెట్టో చెక్కో ఆనించే అలవాటు కొన్ని ఇళ్లలో ఉంది. ముందుపాదం మీద ఒత్తిడి పడితే పాదం ఇంకా కిందికి తంతుంది. పెట్టవద్దు.

పక్షవాతం వచ్చిన వైపు ఒరిగి పడుకోవచ్చా అని అందరూ అడుగుతారు. పడుకోవచ్చు, పడుకోవాలి కూడా. ఆ వైపు శరీర బరువు పడటం స్పర్శకూ మంచిది. అయితే భుజం మొన మీద బరువు పడకూడదు. మీ చేయి ఆయన వీపు కిందకు పోనిచ్చి భుజం రెక్కను ముందుకు జరపండి, అప్పుడు బరువు రెక్క మీద ఆనుతుంది. బాగున్న కాలిని ముందుకు తెచ్చి దిండు మీద పెట్టండి. బాగున్న వైపు పడుకుంటే, బలహీనమైన చేతిని ఛాతీ ముందు దిండు మీద చాపి ఉంచండి, అది మంచం అంచు నుంచి వేలాడకూడదు. తనంతట తాను తిరగలేని మనిషిని రెండు గంటలకోసారి తిప్పాలి. రాత్రిపూట అలారం పెట్టుకోక తప్పదు.

కూర్చున్నప్పుడు రెండు పాదాలూ నేలకు పూర్తిగా ఆనాలి, ఆనకపోతే కింద పీట వేయండి. చేతిని ఒళ్లో ముడిచి పెట్టకుండా ముందున్న బల్ల మీద చాపండి. మెడకు వేసే స్లింగు భుజం జారిన మనిషికి నిలబడేటప్పుడు, నడిచేటప్పుడు ఉపయోగపడుతుంది. అలాగని రోజంతా వేసి ఉంచితే చేయి సరిగ్గా మనం వద్దనుకున్న ముడుపులోనే గడ్డకట్టుకుపోతుంది.

పిడికిలి తెరవడం

ఇది నేర్చుకోవడానికి ఓపిక కావాలి, అందుకే విడమరిచి చెబుతున్నాను. గోళ్లు కత్తిరించి, ఉంగరం తీసేసి మొదలుపెట్టండి.

1. నాన్నగారిని కుర్చీలో కూర్చోబెట్టి, ముంజేయి బల్ల మీద దిండుపై ఆనించండి. మీరు ఆ చేయి పక్కనే కూర్చోండి. గాలి బిగబట్టవద్దని చెప్పండి, నెమ్మదిగా ఊపిరి వదులుతూ ఉండమనండి.

2. వేళ్ల జోలికి పోకముందు భుజం రెక్క. మీ అరచేతిని రెక్క ఎముక మీద పరిచి దాన్ని ముందుకు, పైకి, వెనక్కి నెమ్మదిగా తిప్పండి. పైన బిగిసి ఉండగా కింద వేళ్లు వదలవు.

3. జబ్బను ఒక చేత్తో ఆపి, మణికట్టు దగ్గర పట్టుకుని మోచేతిని నెమ్మదిగా చాపండి. పట్టేసిన చోట లాగకండి, వెనక్కీ రాకండి. అక్కడే అలాగే పట్టుకుని ఉండండి. కొన్ని క్షణాలకు కండరం తనంతట వదులుతుంది, మీ వేళ్లకు అది తెలుస్తుంది. వదిలినంత మేరే ముందుకు వెళ్లండి. తరువాత ముంజేతిని తిప్పి అరచేయి పైకి వచ్చేలా చేయండి.

4. ఇప్పుడు మణికట్టును ఇంకా అరచేతి వైపుకే వంచండి. తలకిందులుగా అనిపించినా ఇదే కీలకం. మణికట్టు అలా వంగితే వేళ్లను ముడిచే స్నాయువులు వదులవుతాయి, వేళ్లు తమంతట కొంత తెరుచుకుంటాయి. మణికట్టును వెనక్కి వంచి ఉంచి వేళ్లు తెరవాలని చూస్తే మీ బలం, ఆయన నొప్పి తప్ప ఏమీ మిగలదు.

5. బొటనవేలి కొన పట్టి లాగకండి, ఆ చిన్న కీలు సాగిపోతుంది. అరచేతిలో బొటనవేలి కింద ఉండే ఎత్తైన కండ దగ్గర పట్టుకుని పక్కకు, బయటికి తీయండి. బొటనవేలు వచ్చిందంటే తక్కిన నాలుగు వేళ్లూ సగం దారికొచ్చినట్టే.

6. మీ వేళ్లను ఆయన చిటికెన వేలి వైపు నుంచి అరచేతిలోకి జారనిచ్చి, వేళ్లను మొదళ్ల దగ్గర నుంచి కొనల వైపు చాపండి. అన్నీ చాపి ఉండగానే, ఇప్పుడు మణికట్టును కొద్దికొద్దిగా మధ్యస్థానానికి, వస్తే ఇంకాస్త వెనక్కి తీసుకురండి. వేళ్లు మళ్లీ ముడుచుకోవాలని చూస్తే మణికట్టును ఒక మెట్టు మళ్లీ అరచేతి వైపు వంచండి.

7. అలా అర నిమిషం నుంచి నిమిషం ఆపండి. మూడు నుంచి ఐదు సార్లు, రోజుకు రెండు మూడు పూటలు. 'లాగుతోంది' అంటే సరే. 'నొప్పి' అంటే తగ్గించండి. ముఖం చిట్లించినా నొప్పి అన్నట్టే లెక్క.

తెరుచుకున్నప్పుడే గోరువెచ్చని సబ్బు నీళ్లతో అరచేయి, వేళ్ల సందులు కడిగి పొడిగుడ్డతో పూర్తిగా ఆరబెట్టండి. వారాల తరబడి మూసి ఉన్న పిడికిట్లో చెమట చేరి చర్మం తెల్లగా నాని వాసన వస్తుంది, గోళ్లు గుచ్చుకుని పుండ్లు పడతాయి. మళ్లీ మూసుకునేటప్పుడు అరచేతిలో చుట్టిన మెత్తటి గుడ్డ పెట్టవచ్చు.

భుజం విషయంలో రెండు నియమాలు తప్పనిసరి. ఆయన్ని లేపేటప్పుడు, మంచంలో జరిపేటప్పుడు ఆ చేయి పట్టుకుని ఎప్పుడూ లాగవద్దు. నడుముకు గట్టి బెల్టు కట్టి దాన్ని పట్టుకోండి. రెండోది, తలుపుకు కప్పీ, తాడు కట్టి బాగున్న చేత్తో రెండో చేతిని పైకి లాగించే వ్యాయామం వద్దు. అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2016లో ఇచ్చిన పునరావాస మార్గదర్శకాలు కూడా దాన్ని వద్దనే అన్నాయి. భుజం రెక్క కదలకుండా చేయి మాత్రమే పైకి పోతే మధ్యలో కండరాలు నలుగుతాయి. చేతిని పైకెత్తాలంటే అరచేయి పైకి తిప్పి ఉంచి, రెక్కను రెండో చేత్తో నడిపిస్తూ, నొప్పి లేనంతవరకే.

తెరుచుకున్న చేతికి వెంటనే పని చెప్పండి

సాగదీసి వదిలేస్తే ఏం జరుగుతుంది? కాసేపటికి మళ్లీ బిగుసుకుంటుంది. వైద్య పరిశోధనలను కలిపి బేరీజు వేసే కాక్రేన్ సంస్థ 2017లో తెచ్చిన సమీక్ష ఇలాంటి అధ్యయనాలన్నిటినీ కలిపి చూసి, నాడీ సమస్యలున్నవారిలో సాగదీత వల్ల కీలు కదలిక చెప్పుకోదగ్గంతగా పెరగడం లేదని తేల్చింది. దానర్థం సాగదీయవద్దని కాదని నా అభిప్రాయం. చేయి కడగాలన్నా, చొక్కా తొడగాలన్నా సాగదీయక తప్పదు. అయితే అసలు చికిత్స అక్కడితో అయిపోయిందనుకోకూడదు. సాగదీత వల్ల దొరికేది కొద్దిసేపటి అవకాశం. ఆ కాస్త సేపట్లో నాన్నగారు తన చేత్తో తానే ఏదైనా చేయాలి, మెదడు నేర్చుకునేది అప్పుడే.

ఏమీ కదలని చేయి అయితే బరువు మోయించండి. బల్లబెంచీ మీద కూర్చోబెట్టి, తెరిచిన అరచేతిని ఆయన పక్కన, తుంటికి కాస్త దూరంగా ఆనించండి. మోచేయి ముడుచుకోకుండా మీ చేయి వెనుక నుంచి ఆసరాగా ఉంచండి. ఇప్పుడు ఆయన్ని ఆ వైపు నెమ్మదిగా ఒరగమనండి, మళ్లీ మధ్యకు రమ్మనండి. రెండు మూడు నిమిషాలు చాలు. మణికట్టు పూర్తిగా వెనక్కి వంగకపోతే అరచేయి బెంచీ అంచు మీద పెట్టి వేళ్లు కిందికి వదిలేయండి.

కొంచెం కదిలే చేయి అయితే బల్ల మీద మడిచిన తువాలు పెట్టి దాన్ని ముందుకు తోయమనండి. తోయడంలో మోచేతిని చాపే కండరం పని చేస్తుంది, మనకు కావలసింది అదే. ఆ తరువాత స్టీలు గ్లాసు. పట్టుకోవడం కన్నా వదలడం మీద దృష్టి పెట్టండి. ఈ చేయి పట్టుకోవడం ఎలాగూ మానదు, మరిచిపోయింది వదలడాన్నే. గ్లాసు పట్టుకుని, ఒక జానెడు జరిపి, వేళ్లు విప్పి, చేయి వెనక్కి తీసుకోవడం: దీన్ని పదేపదే చేయించండి. వదలలేక తంటాలు పడుతుంటే మణికట్టును అరచేతి వైపు వంచి వదలమనండి, సులువవుతుంది.

కిరాణా కొట్లో దొరికే రబ్బరు బంతి కొనిచ్చి రోజంతా నొక్కుతూ ఉండమనడం మన ఇళ్లలో సర్వసాధారణం. ముడిచే కండరాలు ఇప్పటికే అతిగా పని చేస్తున్నాయి, వాటికి ఇంకా పని ఎందుకు? ఆ బంతి పక్కన పెట్టి, వేళ్లకు వదులైన రబ్బరు బ్యాండు వేసి విప్పడం సాధన చేయించండి, అదీ కాస్త విప్పగలిగితేనే.

బిగుతు ఉన్నచోట బలం పెంచే వ్యాయామం చేస్తే బిగుతు పెరుగుతుందని చాలాకాలం నమ్మారు. లండన్‌లో బెర్టా, కారెల్ బోబాత్ దంపతులు రూపొందించిన ఫిజియోథెరపీ పద్ధతి దశాబ్దాల పాటు అలాగే బోధించింది. తరువాతి పరిశోధనలు ఆ భయానికి ఆధారం లేదని చూపాయి. కాబట్టి ఫిజియో ఇసుక సంచో సాగే బ్యాండో ఇస్తే భయపడకండి. ఊపిరి బిగబట్టి ముక్కకుండా చూసుకోండి, బీపీ పెరుగుతుంది.

బాగా కదిలించగలిగేవారికి ఇంకో మార్గం ఉంది. మణికట్టు, వేళ్లు కొంతైనా పైకి ఎత్తగలిగితే, బాగున్న చేతికి తొడుగు వేసి, రోజులో కొన్ని గంటలు బలహీనమైన చేత్తోనే పనులు చేయించడం. అమెరికా శాస్త్రవేత్త ఎడ్వర్డ్ టాబ్ పరిశోధనల నుంచి వచ్చిన ఈ పద్ధతికి మంచి ఆధారాలున్నాయి. ఇంట్లో మీ అంతట మీరు మొదలుపెట్టకండి, తూలిపడే మనిషికి బాగున్న చేయి ఆసరా. అసలేమీ కదలని చేతికి అద్దం చికిత్స ఉంది. బలహీనమైన చేతిని అద్దం వెనుక దాచి, బాగున్న చేతిని కదుపుతూ అద్దంలో దాని ప్రతిబింబం చూడటం. తమిళనాడులో పుట్టిన న్యూరాలజీ శాస్త్రవేత్త వి.ఎస్. రామచంద్రన్ చేయి తెగిపోయాక కూడా ఆ లేని చేతిలో ఉన్నట్టు తోచే నొప్పికి దీన్ని కనిపెట్టారు, స్ట్రోక్‌కు తరువాత వాడారు. ఒక నిలువుటద్దం ఉంటే చాలు.

కాలు: మడమ నేలకు ఆనాలి

పొద్దున నిద్ర లేవగానే కాలు బాగా బిగిసి ఉంటుంది. లేపి కూర్చోబెట్టేముందు రెండు మోకాళ్లూ మడిచి, పాదాలు పరుపు మీద ఆనించి, మోకాళ్లు రెండూ కలిపి కుడికి, ఎడమకు నెమ్మదిగా ఊపండి. నడుము, తుంటి దగ్గర బిగుతు దిగి లేవడం తేలికవుతుంది.

తరువాత పిక్క. మోకాలు చాపి ఉంచి, ఆయన మడమను మీ అరచేతి గిన్నెలో పట్టుకోండి. పాదం అడుగుభాగం మీ ముంజేతికి ఆనాలి. ఇప్పుడు మీ చేతి బలంతో తోయకుండా, మీ ఒంటి బరువును ఆయన తల వైపు నెమ్మదిగా వాల్చండి. మడమ కిందికి దిగుతూ పాదం పైకి రావాలి. ముందుపాదం పట్టి నెట్టకండి. అలా నెడితే పాదం మధ్యలో వంగి, వంగినట్టు మోసం చేస్తుంది, మడమ ఉన్నచోటే ఉంటుంది. నిమిషం ఆపి, ఇంకోసారి మోకాలు కాస్త మడిచి చేయండి. పిక్కలో పైపొరకు మొదటిది, లోపొరకు రెండోది. తొడలు దగ్గరకు అతుక్కుపోయి శుభ్రం చేయడానికి ఇబ్బందిగా ఉంటే, మోకాళ్లు మడిచి ఉంచి ఒక్కో మోకాలినీ నెమ్మదిగా పక్కకు విప్పి ఆపండి.

చేత్తో సాగదీయడం కన్నా నిలబడటం మేలైన సాగదీత. ఆయన బరువే పని చేస్తుంది, మీ నడుమూ మిగులుతుంది. వంటగది గట్టు దగ్గరో, కిటికీ ఊచల దగ్గరో నిలబెట్టి, మడమ నేలకు ఆని ఉండేలా, మోకాలు వెనక్కి విరగకుండా చూడండి. ఐదు నిమిషాలతో మొదలుపెట్టి ఇరవై, ముప్పై నిమిషాల దాకా పెంచండి. మొదటిసారి నిలబెట్టినప్పుడు బీపీ పడిపోయి కళ్లు తిరగవచ్చు, వెనుక కుర్చీ ఉంచండి.

కూర్చుని లేవడం కాలికి దొరికే మంచి వ్యాయామం. చేతులున్న గట్టి కుర్చీని గోడకు ఆనించండి, ప్లాస్టిక్ కుర్చీ టైల్స్ మీద జారుతుంది. కుర్చీ ఎత్తు సరిపోకపోతే దిండు వేయండి. బలహీనమైన పాదాన్ని రెండో పాదం కన్నా కాస్త వెనక్కి పెట్టండి, మడమ ఆని ఉండాలి. ముందుకు వంగి, ముక్కు కాలివేళ్ల మీదకు వచ్చాక లేవమనండి. దిగేటప్పుడు దబ్బున కూలబడకుండా నెమ్మదిగా దిగాలి. పాదాన్ని ముందుకు పెడితే బరువంతా మంచి కాలి మీదకే పోతుంది, బలహీనమైన కాలి కోసం చేసే వ్యాయామం దానికే అందదు. నేల మీద కూర్చోవడం, పీట మీద భోజనం, బాసింపట్టు కొన్నాళ్లు వాయిదా వేయండి. మరుగుదొడ్డికి కమోడ్, గోడకు పట్టుకునే కడ్డీ ఉండాల్సిందే.

నడిచేటప్పుడు పాదం వాలిపోయి, వేళ్లు నేలకు రాసుకుంటుంటే ఏఎఫ్ఓ అనే ప్లాస్టిక్ తొడుగు వాడతారు. అది కొలత తీసి చేయించినదై ఉండాలి. మొదటి రోజుల్లో అరగంటకోసారి తీసి చీలమండ దగ్గర ఎర్రటి మచ్చ పడిందేమో చూడండి. తీసిన ఇరవై నిమిషాలకు కూడా ఎరుపు పోకపోతే తయారుచేసినవారి దగ్గరకు తీసుకెళ్లి సరిచేయించండి.

క్లినిక్‌లో యంత్రాలు, డాక్టరు దగ్గర మందులు

కరెంటు పెట్టించాం అంటారు జనం. కండరాన్ని కదిలించే స్టిమ్యులేషన్‌కు ప్రయోజనం ఉంది, ముఖ్యంగా మణికట్టును ఎత్తే కండరానికి, పాదాన్ని ఎత్తే కండరానికి పెట్టి, అదే సమయంలో ఆయన్నీ ఎత్తడానికి ప్రయత్నించమన్నప్పుడు. యంత్రం పెట్టేసి ఫోను చూసుకునే చోట అంత ఫలితం ఆశించకండి. గుండెకు పేస్‌మేకర్ ఉంటే ముందే చెప్పాలి. ఐసు, వేడి, షాక్‌వేవ్ వంటివి కొంతసేపు వదులు చేయగలవు. వాటి తరువాత సాధన చేయించకపోతే డబ్బులు దండగ. రాత్రిపూట చేతికి వేసే స్ప్లింటు అందరికీ అవసరం లేదు. బిగుతు రాకుండా అది ఆపదు. కండరం కురచబడుతున్నచోట, అరచేతికి పుండు ప్రమాదమున్నచోట ఫిజియో చెప్తే వాడండి.

రెండు మూడు కండరాల్లోనే బిగుతు ఎక్కువై పని ఆగిపోతుంటే బిగిసిన కండరాన్ని వదులు చేసే బొటులినమ్ టాక్సిన్ ఇంజెక్షను గురించి న్యూరాలజిస్టును అడగండి. అది కొద్దిరోజుల్లో పని మొదలుపెట్టి, సుమారు మూడు నెలలు ఉంటుంది. ఖరీదైన మందు. వేయించి ఇంట్లో కూర్చుంటే ఆ మూడు నెలలూ వృథా. వేయించకముందే ఫిజియో తేదీలు ఖాయం చేసుకుని, ఆ వారాల్లో సాధన రెట్టింపు చేయాలి. ఒళ్లంతా బిగుతు ఉంటే బాక్లోఫెన్, టిజానిడిన్ వంటి మాత్రలు ఇస్తారు. మగత, నీరసం వస్తాయి. మగతగా ఉందని బాక్లోఫెన్ ఒక్కసారిగా ఆపకండి, ఫిట్స్, భ్రమలు రావచ్చు. డాక్టరే మోతాదు మెల్లగా తగ్గించాలి.

పావురం రక్తం రాయడం, పసరు పోయడం, మెడ విరిపించడం గురించి ఇరుగుపొరుగు తప్పకుండా చెబుతారు. రక్తం రాస్తే ఒరిగేదేమీ లేదు. మెడ విరవడం మాత్రం మెదడుకు వెళ్లే రక్తనాళాన్ని చీల్చి కొత్త స్ట్రోక్ తేగలదు. నువ్వుల నూనెతో తేలికగా, నెమ్మదిగా మర్దన చేయడంలో తప్పులేదు, గట్టిగా పిసకడం బిగుతును పెంచుతుంది. ఇసుక మూట, ఉప్పు మూట కాపడం పెట్టేముందు ఆ చర్మానికి స్పర్శ ఉందో లేదో చూడండి. లేకపోతే కాలినా ఆయనకు తెలియదు.

ఒక పిక్క మాత్రమే వాచి, వెచ్చగా, నొప్పిగా ఉంటే ఆ కాలికి మర్దనా, సాగదీతా రెండూ ఆపి వెంటనే ఆసుపత్రికి వెళ్లండి, సిరలో గడ్డ కావచ్చు. మూతి కొత్తగా వంకర పోయినా, మాట తడబడినా, బాగున్న వైపు కూడా బలం తగ్గినా 108కి ఫోను చేయండి. గడ్డ కరిగించే ఇంజెక్షనుకు లక్షణాలు మొదలైనప్పటి నుంచి నాలుగున్నర గంటలే గడువు.

పని జరుగుతోందా లేదా

రోజూ చూస్తుంటే మార్పు కనబడదు. వారానికోసారి, ఒకే రోజు, ఒకే వేళకు రాసుకోండి: మధ్యవేలి కొనకూ అరచేతికీ మధ్య ఎన్ని వేళ్ల మందం సందు ఉంది, చొక్కా తొడగడానికి ఎంతసేపు పట్టింది, నిలబడ్డప్పుడు మడమ ఆనిందా, కుర్చీలోంచి సాయం లేకుండా ఎన్నిసార్లు లేచారు. పక్కనే ఫోనుతో ఒక ఫోటో. ఆరు నెలలు దాటితే ఇక బాగుపడదన్న మాట పట్టుకుని కొందరు అన్నీ ఆపేస్తారు. మొదటి నెలల్లో మెరుగుదల వేగంగా ఉంటుందన్నది నిజమే. ఆ తరువాత వేగం తగ్గుతుంది, సాధన మీద ఫలితం మాత్రం ఆగదు. ఆపేసిన చోట కండరం కురచబడటం కూడా ఆగదు.

ఫిజియోథెరపిస్టు ఈసారి ఇంటికి వచ్చినప్పుడు ఆయన చేస్తుంటే చూస్తూ కూర్చోకండి. 'మీ ముందు నేను చేస్తాను, తప్పుంటే చెప్పండి' అని మీరే మడమ పట్టుకోండి, పిడికిలి తెరవండి. అనుమతి అడిగి ఆయన చేతులు ఎక్కడ పట్టుకుంటున్నాయో వీడియో తీసుకోండి. రాత్రి డ్యూటీ చేసే మీ తమ్ముడో, ఊరి నుంచి వచ్చే మీ వదినో చేసేటప్పుడు అది పనికొస్తుంది.